మీ మర్యాదల కాగితం మీకే తిప్పి పంపుతున్నాను

నెల్లూరు,
డిసెంబరు 9.

కస్టమర్ సర్వీసు పెద్దలకు,

అయ్యా, అమ్మా, ఎవరు చదువుతారో తెలియదు కనక ఇద్దరికీ నమస్కారం. మీ దగ్గర ఉత్తరాలు చదవడానికి మనిషంటూ ఉన్నారో, అదీ మిషనే చూసుకుంటుందో. మిషనైతే నా నమస్కారం వెనక్కి తీసుకుంటున్నాను.

మాగుంట లేఅవుట్‌లో నాది ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు. 38 మంది ఉంటారు. సగం మంది ఆస్పత్రుల్లో నర్సులు, ల్యాబు పిల్లలు. మిగతావాళ్లు బ్యాంకుల్లో, బట్టల షోరూముల్లో పనిచేసేవాళ్లు, డీఎస్సీకి చదువుకునేవాళ్లు. వంటింటి వెనక రేకుల షెడ్డులో మీ బట్టలుతికే మిషన్లు మూడున్నాయి. ఆరేళ్లుగా మీవే. నా మాట మీదే వేదాయపాళెంలో ఒకావిడ, పొగతోటలో నాకు వదిన వరసయ్యే ఆవిడ వాళ్ల హాస్టళ్లలో మీ మిషన్లు పెట్టించుకున్నారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ కంప్యూటరులో నా నంబరు కొడితే ‘కొత్త కస్టమరు’ అని వస్తున్నదంట. మీ అబ్బాయే చెప్పాడు.

జరిగింది ముందు చెప్తాను, అదేం పెద్ద సంగతి కాదు.

మాకు వానలంటే జూన్, జులై కాదు. నెల్లూరికి వాన అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడుతుంది. ఎండాకాలంలో మిద్దె మీద ఆరేస్తే అరగంటకి కరకరలాడే బట్టలు, ఈ మూడు నెలలూ గదిలో ఫ్యాను కింద రెండు రోజులైనా ఆరక ముక్క వాసన కొడతాయి. మిషన్లో గట్టిగా పిండిస్తే గాని పనికాదు. అందుకని ఈ రోజుల్లోనే షెడ్డులో వంతులెక్కువ, తగువులెక్కువ.

అక్టోబరు 28 పొద్దున 12వ గది అమ్మాయి నైట్ డ్యూటీ నుంచి వచ్చి, తెల్ల యూనిఫారాలు రెండు జతలు మిషన్లో వేసి పోయి పడుకుంది. మధ్యలో కరెంటు పోయింది. బట్టలు సబ్బు నీళ్లలోనే ఉన్నాయి, మిషను ఆగిపోయింది, వంతులూ డబ్బులూ చూసే మీ యాప్‌లో గడియారం మాత్రం ఆగలేదు. టైమవ్వగానే ‘మిషన్ ఖాళీ’ అని చూపించింది. 7వ గది అమ్మాయి షోరూముకు పది గంటలకు పోవాలి. స్కాన్ చేసి 40 రూపాయలు కట్టింది. కరెంటు రాగానే మూత తీస్తే లోపల ఎవరివో బట్టలు. ఫోనులో చూస్తే ‘5 నిమిషాల్లో ప్రారంభించకపోతే మీ వంతు రద్దవుతుంది’ అని అంకెలు తిరుగుతున్నాయి. నాలుగు నిమిషాలే ఉన్నాయి, మూడే ఉన్నాయి అని మీరట్టా తరుముతుంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? ఆ బట్టలు తీసి పక్కనున్న బకెట్లో కుక్కింది. ఆ బకెట్లో 15వ గది అమ్మాయి కొత్త మెరూన్ చుడీదారు ఉప్పు నీళ్లలో నానబెట్టి ఉంది.

యూనిఫారాలు రోజా పువ్వుల్లా అయ్యాయి. ఆ రాత్రి ఆ పిల్ల అవి వేసుకుని వార్డుకు ఎట్టా పోతుంది? ఆ రెండు జతల డబ్బులు నేనే ఇచ్చాను, వాటి గురించి అడగడం లేదు. ఈ 12, 7 గదుల పిల్లలిద్దరూ ఉదయగిరి పక్కవాళ్లు, పండక్కి ఒకే బస్సులో పోయేవాళ్లు, ఒకే జాడీలో ఊరగాయ తినేవాళ్లు. ఇప్పుడు ఒకరు మెట్లు దిగుతుంటే ఇంకొకరు వెనక్కి తిరిగి పైకెక్కుతున్నారు.

మీ యాప్ రాకముందు మా షెడ్డులో గోడకు ఒక నోటుబుక్కు, దానికి దారం కట్టిన పెన్సిలు ఉండేవి. ఎవరి వంతు ఎప్పుడో రాసుకునేవాళ్లు. మిషను ఆగితే పది నిమిషాలు చూడాలి, రాకపోతే పోయి గది తలుపు తట్టాలి. నైట్ డ్యూటీ చేసి పడుకున్న పిల్లయితే తట్టకూడదు, గది నంబరు రాసిన ఆమె బకెట్లోనే తీసిపెట్టి పైన తువ్వాలు కప్పాలి. తువ్వాలు ఎందుకు కప్పాలో మీకు తెలియకపోతే మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి. నెలసరి మరకలుంటే చన్నీళ్లలో చేత్తో జాడించాకే మిషన్లో వెయ్యాలి, వేణ్ణీళ్లు తగిలితే మరక ఇంకా పట్టుకుంటుంది. ఆస్పత్రి బట్టలు విడిగా. రంగు దిగే కొత్త బట్ట తెల్లవాటి ఛాయలకే పోకూడదు. దుప్పటి ఒక్కటే వెయ్యకూడదు, వేస్తే అది పిండేటప్పుడు ఒక పక్కకు చేరి మిషను షెడ్డంతా గంతులేస్తుంది. రాత్రి పది దాటితే అసలు మిషన్ల జోలికే పోకూడదు. ఇవి ఎవరో అచ్చేసి ఇచ్చినవి కావు, ఒక్కో దాని వెనక ఒక్కో పోట్లాట ఉంది. పోయిన ఉగాదికి మీ మనిషొచ్చి యాప్ పెట్టి, ‘ఇక ఈ బుక్కు అక్కర్లేదు మేడమ్, ఎవరూ ఎవరితో మాట్లాడే పనే లేదు’ అని గోడ మీంచి తీసి నా చేతికిచ్చాడు. మంచి సంగతే కదా అనుకున్నాను, నాదే బుద్ధి తక్కువ.

సరే, అసలు సంగతికి వస్తాను.

అక్టోబరు 29న మీ నంబరుకు ఫోను చేశాను. తెలుగు కోసం 2 నొక్కమంది, నొక్కాను. హిందీలో మాట్లాడారు. నేనే తప్పు నొక్కానేమోనని కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చేశాను. ఈసారి పాట. ఫోను స్పీకరులో పెట్టి కందిపప్పు ఎసట్లో పోశాను. పప్పు ఉడికింది, ఎనిపాను, తాలింపు కూడా పెట్టాను, అప్పుడొచ్చాడు ఒకబ్బాయి. ‘మీకు కలిగిన అసౌకర్యాన్ని నేను అర్థం చేసుకోగలను మేడమ్’ అన్నాడు. నేనింకా నోరు తెరవనేలేదు. చెప్పబోతే మిషను వెనక స్టిక్కరు మీద నంబరు కావాలన్నాడు. నాయనా, మిషను బాగానే ఉంది, మీ యాప్ అబద్ధం చెప్తున్నది అంటే, ‘నంబరు లేనిదే ముందుకు పోలేం మేడమ్’. నలుగురు పిల్లలు కలిసి మిషను లాగారు. చెమ్మకి స్టిక్కరు మీద అంకెలు సగం చెరిగిపోయున్నాయి. అది ఎనిమిదో మూడో అని నేను తంటాలు పడుతుంటే ‘ఒక్క నిమిషం లైన్లో ఉండండి’ అన్నాడు. అబద్ధమాడకూడదు, సరిగ్గా ఒక్క నిమిషమే ఉన్నాను, తర్వాత కట్టయింది.

మర్నాడు చేస్తే ఎవరో అమ్మాయి. ఆమెకు నిన్నటి సంగతేమీ తెలియదు, మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. టికెట్ నంబరొకటి పంపింది. రెండు రోజులకు మెసేజి: ‘మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ ఒకటిచ్చాను. ‘మీ అభిమానానికి ధన్యవాదాలు’ అని వచ్చింది.

నవంబరు 4న మనిషిని పంపుతామన్నారు, పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు లోపల ఎప్పుడైనా వస్తాడన్నారు. ఆరోజు ఏటి అవతల కోవూరులో మా పెదనాన్న మనవరాలి నిశ్చితార్థం, మానుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 5.40కి ఫోను. ‘మేడమ్, మీ గేటు ముందే ఉన్నాను, తలుపు తియ్యండి.’ తీసి చూస్తే వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. నీకేం కనిపిస్తుంది నాయనా అంటే ‘కర్నూలు రోడ్డు’ అన్నాడు. అది ఒంగోలు! ఇక్కడికి దాదాపు 120 కిలోమీటర్లు. మీ లెక్కలో నెల్లూరు, ప్రకాశం రెండూ ఒకటే జోనంట. పాపం ఆ పిల్లాడి తప్పేముంది, వానలో తడుస్తూ లేని గేటు కోసం వెతుక్కుంటున్నాడు. ఎక్కడన్నా వేడిగా కాఫీ తాగి ఇంటికి పో నాయనా అని నేనే చెప్పాను. మీ కంపెనీ తరఫున ఎవరికైనా ఒక మంచి మాట దక్కిందంటే అది ఆ ఒక్కడికే, అదీ నేను చెప్పిందే.

వారం తర్వాత వచ్చినతను నిజంగానే వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచి షెడ్డులోకి పోయాడు. మిషను తిప్పి చూసి ‘ఇందులో లోపమేమీ లేదు మేడమ్’ అన్నాడు. అదే కదయ్యా నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది! ‘యాప్ మా డిపార్టుమెంటు కాదు’ అన్నాడు. మజ్జిగ తాగాడు. మిషను పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. నా ఫోనుకు ఓటీపీ వస్తుంది, చెప్పమన్నాడు. పిల్లాడు ఎండన పడి వచ్చాడు కదాని చెప్పాను. అతను వీధి మలుపు తిరగకముందే మెసేజి: ‘మీ సమస్య పరిష్కరించబడింది.’

యాప్ వాళ్లకు ఫోను ఉండదంట, మెయిలే పెట్టాలంట. బ్యాంకులో పనిచేసే పిల్లతో పెట్టించాను. డబ్బు కట్టినవాళ్లతోనే మాట్లాడతాం, యజమానితో మాట్లాడం అని జవాబు. సరేనని 12వ గది అమ్మాయి చేత పెట్టిస్తే, మాకు ఒప్పందం హాస్టలు యజమానితోనే, వాడుకునేవాళ్లతో కాదు అని ఆమెకు జవాబు. రెండు మెయిళ్ల కిందా సంతకం ఒకరిదే. ఆ ఇద్దరు పిల్లలైనా మెట్ల మీద ఎదురుపడుతున్నారు గాని, మీ కుడిచేతికీ ఎడంచేతికీ అసలు పరిచయమే ఉన్నట్టు లేదు.

ఇదంతా భరించాను. నవంబరు 29న మీరు పంపింది చూశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

మర్యాదల పోస్టరు! ‘భాగస్వామ్య లాండ్రీ స్థల మర్యాద’ అని పైన అక్షరాలు. కింద నవ్వుతున్న ఒక మిషను బొమ్మ, దానికి కళ్లు. ‘మీ ప్రాంగణంలో నివాసితుల మధ్య సంఘర్షణను గమనించాము, దయచేసి దీనిని అతికించండి’ అని మెయిలు. అంటే నా పిల్లలకు మర్యాద తెలియక కొట్టుకున్నారన్నమాట. పద్దెనిమిదేళ్లుగా హాస్టలు నడుపుతున్న నాకు, బకెట్టు మీద తువ్వాలు ఎందుకు కప్పాలో కూడా తెలియని మీరు, మర్యాద నేర్పుతారా?

‘ఇతరుల సమయాన్ని గౌరవించండి’ అని మొదటి మాట. 11 సార్లు ఫోను చేశాను. ఆ నోటుబుక్కే బయటికి తీసి అందులో రాసి పెట్టుకుంటున్నాను, ఇప్పటికి 4 గంటల 10 నిమిషాలు మీ పాట విన్నాను. వంటమనిషికి కూడా నోటికొచ్చేసింది, చపాతీలు చేస్తూ అదే పాడుతున్నది. ‘మీ వస్తువులను పట్టించుకోకుండా వదిలివేయకండి’ అట. మరి నా షెడ్డులో వదిలేసి పోయిన మూడు మిషన్లు ఎవరివి? ‘సమస్య ఉంటే ప్రశాంతంగా మాట్లాడుకోండి’ అట. మాట్లాడతాను, మనిషిని చూపించండి.

వచ్చే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగుదామనుకుంటున్నాను. కోరిక తీరినవాళ్లు ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె ఇస్తారు కదా. కస్టమర్ కేరు రొట్టె ఎవరైనా ఇస్తారేమో అడుగుతాను. ఇవ్వాలంటే ముందు ఎవరికో ఒకరికి ఆ కోరిక తీరి ఉండాలి, అక్కడే అనుమానం.

మా హాస్టల్లో లా చదివే పిల్ల ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా నేనుండే ఊళ్లోనే కేసు వెయ్యొచ్చంట. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదంట. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 అని ఇంకో నంబరు కూడా ఇచ్చింది. డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినోత్సవం అని కూడా ఆ పిల్లే చెప్పింది, 1986లో మొదటి చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజంట. నాకు ఆ రోజు నచ్చింది. ఆ లోపల మీలో ఎవరైనా పెద్దమనిషి, తెలుగు వచ్చినవాళ్లు, స్వయంగా ఫోను చేసి ఆ 12వ గది పిల్లతో ఒక్క మాట మాట్లాడాలి. మూత తీసి బట్టలు బయటికి తీసేదాకా యాప్‌లో ‘ఖాళీ’ అని చూపించకుండా, ఆ ఐదు నిమిషాల తరుముడు లేకుండా చెయ్యాలి. లేదంటే 24న కేసు వేస్తాను, వేదాయపాళెం ఆవిడకూ పొగతోట వదినకూ ఈ ఉత్తరం నకళ్లు పంపుతాను, మీ మూడు మిషన్లూ గేటు బయట పెట్టిస్తాను. షెడ్డు వెనక మా అత్తగారి కాలం నాటి ఉతుకుడు బండ ఇంకా ఉంది, ఇనుములాంటిది. ఆరేళ్లు నమ్మిన మనిషిగా చెప్తున్నాను, నాతో అంతదాకా తెచ్చుకోవద్దు.

మీ పోస్టరు దీనితో జత చేశాను. మీ కస్టమర్ కేరు గదిలో అతికించుకోండి, అక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఇట్లు,
హాస్టలు యజమానురాలు
(మీ లెక్కలో కొత్త కస్టమరు)

తా.క.: ఈసారి మనిషిని పంపేట్టయితే మధ్యాహ్నం రెండు దాటాక పంపండి. పొద్దున నైట్ డ్యూటీ పిల్లలు పడుకుని ఉంటారు, షెడ్డు పక్క గది వాళ్లదే. గేటు బెల్లు కొట్టొద్దు, నాకు ఫోను చెయ్యమనండి. బయల్దేరే ముందే ఊరు నెల్లూరని అతనికి ఇంకోసారి చెప్పండి.