జేబులో పట్టే జనరేటర్ గురించి

బాలానగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం మొన్న అందింది. నల్లమలలో కెమెరాలకీ రేడియోకీ బ్యాటరీలు మోసి మోసి భుజం కాయ కాసిందని రాశావు. "ఫోన్ జేబులోకొచ్చింది, జనరేటర్ ఎందుకు రాలేదురా?" అన్నావు చూడు, ఆ మాట మూడు రోజులుగా నన్ను వదలడం లేదు.

నీ ఆశలో తప్పేం లేదు. కిలో లిథియం బ్యాటరీలో పట్టే శక్తి సుమారు 250 వాట్-అవర్లు. కిలో కిరోసిన్‌లో వేడి రూపంలో ఉండేది సుమారు 12,000. అందులో పదో వంతు కరెంటుగా రాబట్టినా కిలో కిరోసిన్ ఐదు కిలోల బ్యాటరీ పని చేస్తుంది.

ఈ లెక్క చూసే 1990లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో అలన్ ఎప్‌స్టీన్ బృందం సిలికాన్ పలకలు చెక్కి, ఒకదాని మీద ఒకటి అతికించి, రెండు సెంటీమీటర్ల గ్యాస్ టర్బైన్ చేయడానికి పూనుకుంది. గ్యాస్ టర్బైన్ అంటే, కంప్రెసర్ చక్రం గాలిని నొక్కుతుంది, ఆ గాలిలో మంట వెలుగుతుంది, వేడి గాలి టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది, అదే కంప్రెసర్‌నీ తిప్పుతుంది. లోపలి కంప్రెసర్ చక్రం 8 మిల్లీమీటర్లు. గాలి బాగా నొక్కుకోవాలంటే చక్రం అంచు సెకనుకు 500 మీటర్ల వేగంతో పోవాలి. చక్రం చిన్నదైన కొద్దీ అంతకంత వేగంగా తిరగాల్సిందే. అంటే నిమిషానికి 12 లక్షల చుట్లు! భాగాలు విడివిడిగా తిరిగాయి, మంట వెలిగింది. కానీ మొత్తం ఇంజిన్ నుంచి అనుకున్నంత కరెంటు రాలేదు.

కారణం వేడి. పెద్ద ఇంజిన్‌లో చల్లటి కంప్రెసర్ ఒక చివర, నిప్పులు కక్కే టర్బైన్ ఇంకో చివర. ఇక్కడ రెండిటి మధ్యా పలుచటి సిలికాన్ గోడ ఒక్కటే. సిలికానేమో వేడిని ఇట్టే దాటించేస్తుంది. కంప్రెసర్ వేడెక్కితే అదే గాలిని నొక్కడానికి ఎక్కువ శక్తి కావాలి. మామూలుగానే టర్బైన్ సంపాదనలో సగానికి పైగా కంప్రెసరే తినేస్తుంది కదా, ఇక మనకి మిగిలేదేముంది?

ఇది నాకు పుస్తకంలో కంటే షెడ్డులోనే బాగా అర్థమైంది. పోయిన నెల పాత లారీ టర్బోకి (పొగతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నొక్కే భాగం) స్టీల్ గొట్టంతో మంటగది బిగించి, బ్లోయర్‌తో గాలి కొట్టి గ్యాస్ వెలిగించాం. బ్లోయర్ తీసేశాక కూడా తనంతట తానే తిరిగింది! ఆ కూత విని పక్క షెడ్ల కుర్రాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. రెండు నిమిషాలకే నూనె పంపు ఆగి బేరింగ్ పట్టేసింది. విప్పితే షాఫ్ట్ టర్బైన్ వైపు నీలంగా కమిలిపోయి ఉంది. దాన్ని అలాగే నా బల్ల మీద పెట్టుకున్నాను.

అందుకే అంటున్నాను, అగ్గిపెట్టె సైజు మీద ఆశ వదిలెయ్, వీపు సంచిలో పట్టేది చూద్దాం. మనకి దారి చూపేది అమెరికా కంపెనీ క్యాప్‌స్టోన్ వాళ్ల పెద్ద 30 కిలోవాట్ల టర్బైన్ యంత్రం. అది నిమిషానికి 96,000 చుట్లు తిరుగుతుంది, అదీ గాలి బేరింగుల మీద, చుక్క నూనె లేకుండా. బయటికి పోయే పొగ వేడితోనే లోపలికి వచ్చే గాలిని ముందే కాచుకుంటుంది. అలా వేడిని తిరిగి వాడే భాగాన్ని రికుపరేటర్ అంటారు, దాన్ని బరువు తక్కువగా చేయగలిగితే సగం పని అయినట్టే. వేడికి నిలబడే నికెల్ లోహాలంటావా, వాటిని కరిగించి పోసే ప్రభుత్వ కంపెనీ మిధాని మన కంచన్‌బాగ్‌లోనే ఉంది.

ముందు నాకొక సంగతి రాయి. ఒక్కో ట్రిప్పుకి ఎన్ని కిలోల బ్యాటరీ మోస్తున్నావు, ఎన్ని రోజులకి? నీ పరికరాలు గంటకి ఎంత కరెంటు తాగుతాయి? ఆ అంకెలు వస్తే ఎన్ని వాట్లకి గీయాలో తేలుతుంది. వదినని అడిగానని చెప్పు.

నీ
శీను