సైకిళ్లను లెక్కపెట్టేవాళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

సైకిళ్లకు విడిగా దారి కావాలని అడిగిన ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘అసలు సైకిల్ తొక్కేవాళ్లెవరండీ?’ దానికి జవాబు చెప్పడానికే మా వాలంటీర్లం పనిరోజుల్లో పొద్దున్నే కూడళ్లలో నిలబడి సైకిళ్లు లెక్కపెడుతున్నాం. పేపర్లు వేసేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లేవాళ్లు, బడిపిల్లలు. వీళ్లు వినతిపత్రాలు రాయరు, మీటింగులకు రారు. మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. బ్రేకు సరిచేస్తూ, వెనక లైటు బిగిస్తూ మాట కలిపితే ఏ మలుపులో భయమేస్తుందో, ఏ గుంటలో పడ్డారో వాళ్లే చెబుతారు. హెల్మెట్ మీద పాఠంతో మొదలుపెడితే మాత్రం ఎవరూ ఆగరు.

1971లో నెదర్లాండ్స్‌లో రోడ్డు ప్రమాదాలు 3,000 మందికి పైగా ప్రాణాలు తీశాయి. వారిలో 400 మందికి పైగా పిల్లలే. ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. ఇవాళ అక్కడ కనిపించే సైకిల్ దారుల వెనక ఆ పోరాటం ఉంది.

రోడ్డు అంచున తెల్లగీత గీసి అదే సైకిల్ దారి అంటే నేను ఒప్పుకోను. గీత మీద కారు ఆగితే సైకిల్ మళ్లీ ట్రాఫిక్‌లోకి రావాల్సిందే. మధ్యలో గట్టు కట్టాలి.

వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవారు మీ దగ్గరి కూడలిలో లెక్క మొదలుపెట్టండి. సైకిల్ తొక్కడం రాకపోయినా ఫర్వాలేదు, పెన్ను, పుస్తకం చాలు.

ఇట్లు,
ఒక సైకిల్ వాలంటీర్