ఔటర్‌లో ఆగిన బండి, మామయ్య క్లాసు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు కాస్త నయం, చెల్లి సంబంధం ఇంకా తేలలేదు, బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఇక అసలు విషయానికొస్తా, కడుపులో దాచుకోలేకపోతున్నా.

మొన్న గుంటూరు నుంచి వస్తున్నాం, నేనూ మా పెద్దమామయ్యా (రిటైరైన లోకో పైలట్, నీ చెప్పులు తొడుక్కెళ్లిన ఆయనే). మంగళగిరి దాటాక కృష్ణా కెనాల్ ఇంకా రాకుండానే బండి ఆగిపోయింది, ఎంతకీ కదలదు. పెట్టెలో అందరూ సణుగుడు. ఒకాయన ‘డ్రైవర్ నిద్రపోయుంటాడు’ అన్నాడు చూడూ, మామయ్యకి తిక్క రేగింది.

‘నిద్రపోనిస్తే కదయ్యా! డ్రైవర్ ఓ నిమిషం చేతులు కట్టుక్కూర్చుంటే ఇంజన్లో లైటు వెలుగుతుంది, ఆ తర్వాత బజరు మోగుతుంది, అప్పటికీ బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి.’

పాపం ఆయన నోరు మూశాడు గానీ మామయ్య మూయలేదు. ఉక్కు చక్రం, ఉక్కు పట్టా, రెంటి మధ్య రాపిడి చాలా తక్కువట. అందుకే అంత బరువున్న బండి కూడా లారీలతో పోలిస్తే తక్కువ ఖర్చుతో నడుస్తుంది, కరెంటు కోసేశాక కూడా అలా జారుకుంటూ పోతుంది. కానీ ఆపాలంటే అదే శాపం! మంచి వేగంలో ఉన్న బండి ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుందట, అంటే ఎర్ర లైటు కనపడ్డాక బ్రేకు వేస్తే సరిపోదు. ముందు సిగ్నళ్లలోనే డబుల్ ఎల్లో (రెండు పసుపు లైట్లు), తర్వాత ఎల్లో (ఒక్కటే) అని ముందే చెప్పుకుంటూ రావడం అందుకే. నేను ఇవి రెండూ వేరు వేరు సబ్జెక్టులనుకున్నా, భద్రత ఒకటి, కరెంటు ఆదా ఒకటి. రెండూ ఆ చక్రం కిందే ఉన్నాయిరా!

ఇంకా విను. డబుల్ ఎల్లో చూసి మెల్లగా వేగం దించితే త్రీ ఫేజ్ అనే కొత్తరకం కరెంటు ఇంజన్లలో మోటార్లే జనరేటర్లయిపోయి కరెంటును పైతీగకి తిరిగి పంపుతాయట, దాన్ని దగ్గర్లో వెళ్లే ఇంకో బండి వాడుకుంటుంది. కంగారుపడి చివర్లో గట్టిగా కొడితే చాలావరకు బ్రేకుల దగ్గర వేడయిపోతుంది. జాగ్రత్తగా నడిపేవాడే పొదుపరి అన్నమాట.

అప్పట్లో ప్లాట్‌ఫాం చివర, బండికి కరెంటిచ్చే డీజిల్ జనరేటర్ పెట్టె రొదలో నువ్వు అరిచింది నాకు వినపడక... సరే వద్దులే ఆ కథ. ఇప్పుడు చాలా బండ్లలో ఇంజనే పైతీగ నుంచి లాగి ఏసీలకీ లైట్లకీ కరెంటిస్తోంది, ఆ డీజిల్ రొద లేదు.

అప్పుడు అడిగా, మనిషే తప్పు చేస్తే? మామయ్య గొంతు మారిపోయింది. 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది కదా, ఆ లైన్లో కవచ్ లేదు. కవచ్ అంటే బండ్లు గుద్దుకోకుండా ఆపే ఏర్పాటు: పట్టాల మధ్య ట్యాగులు, ఇంజన్లో కంప్యూటర్, రేడియో, ఎర్ర సిగ్నల్ దాటబోతే డ్రైవర్‌తో పని లేకుండా బ్రేకులు పడతాయి. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్‌గిడ్డ మధ్య కవచ్ పరీక్షలో ఇంజన్ ఎదుటి ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో ఆగింది. ఇది మన దక్షిణ మధ్య రైల్వేలోనే ముందు మొదలైంది, అయినా దేశమంతా ఎప్పటికి... స్టేషన్లకి అద్దాల ముఖాలు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు ఇది పెట్టండ్రా బాబూ అనిపిస్తుంది నాకైతే.

ఇంతలో బండి కదిలింది. వంతెన మీదకొచ్చేసరికి ఆ ‘నిద్ర’ ఆయనే మామయ్యకి వేరుశనగలు పెడుతున్నాడు! మామయ్య ఇంకో ముక్క కూడా చెప్పాడు, పాయింట్ల (బండి పట్టా మారే చోటు) దగ్గర... ఉండు, గ్యాస్ బండ వచ్చింది, వాడు కింద నుంచి అరుస్తున్నాడు. మిగతాది మళ్లీ రాస్తా.

నీ
రాంబాబు