వరుసలో నీ చోటు

చిరంజీవి మస్తాన్‌కు,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అందరం క్షేమం. మొన్నటి గాలికి దొడ్లో మునగచెట్టు కొమ్మ విరిగి ప్రహరీ మీద పడింది. దాన్ని కొట్టిస్తూ ఉండగా కావలి పిన్ని ఫోను చేసి, పోయిన నెలలో నీవు నాలుగు రోజులు జ్వరంతో లేవలేక గదిలోనే పడి ఉన్నావని చెప్పింది. ఆ మాట ఆమెకు ఎలా తెలిసిందో నేను అడగలేదు. మీ అమ్మకు మాత్రం రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. కరివేపాకు పొడి కొట్టి రెండు పొట్లాలు కట్టింది, పార్సిలులో పంపుతున్నాను.

ఆ నాలుగు రోజుల్లో శుక్రవారం ఉన్నదా? ఉంటే, నీవు జుమా నమాజుకు రాలేదని ఆ మసీదులో ఒక్కరైనా గమనించారా? గమనించడానికి అంతకు ముందు నీవు వెళుతూ ఉండాలి కదా అనే ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అక్కడ నమాజుకు ముందు చెప్పే ఖుత్బా ప్రసంగం అర్థం కాదనీ, మన ఇంటి తెలుగు విని కొందరు ‘మీరు దూదేకుల వాళ్లా?’ అని అదోలా అడుగుతారనీ నీవు ఒకసారి అన్నావు. ఆ బాధ నాకు తెలియనిది కాదు, నేనూ పడ్డాను. అయినా మదీనా మసీదు ఊడ్చిన స్త్రీ సంగతి తలచుకో. కొన్నాళ్లు ఆమె కనిపించకపోతే ప్రవక్త (స) ఆమె ఏమైందని అడిగారు. చనిపోయిందని చెప్పారు. ఆమెది చిన్న విషయమనుకొని ఎవరూ ఆయనకు చెప్పలేదు. నాకెందుకు తెలియజేయలేదని అడిగి, సమాధి ఎక్కడో చూపించమని, అక్కడికి వెళ్లి ఆమె కోసం నమాజు చేశారు. ఒంటరిగా చేసే నమాజు కంటే జమాత్‌తో, అంటే అందరితో కలిసి, చేసేది 27 రెట్లు మేలని ప్రవక్త మాటగా హదీసులో ఉన్నది. ఆ లెక్క నీకు చిన్నప్పుడే చెప్పాను. ఒక మనిషి రాకపోతే ఆ వెలితి మరొకరికి తెలియాలన్నది కూడా అందులోనే ఉన్నదని నాకు మీ జేజి, మా అమ్మ, పోయిన రాత్రి గాని తెలియలేదు.

అప్పుడు ఉదయగిరి దగ్గర పల్లెలో నా ఉద్యోగం. ఆ ఊళ్లో ముసల్మానుల ఇల్లు మాది ఒక్కటే. మీ అక్క కడుపులో ఉన్నది. కార్తీకమాసపు వాన మధ్యాహ్నం నుంచి ఆగలేదు, పొద్దుగూకి మగ్‌రిబ్ వేళకు జేజి కన్ను మూసింది. గుస్ల్ స్నానం ఎవరు చేయిస్తారు, ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ ఎక్కడిది, ఏమీ తోచక నేను అరుగు మీద కూర్చుండిపోయాను. మా బడి జవాను తడుస్తూ సైకిలు మీద ఉదయగిరి వెళ్లి, రాత్రి ఇషా నమాజుకు వచ్చిన వారికి కబురు చెప్పాడు. అర్ధరాత్రి దాటాక వాగు తగ్గేదాకా గట్టున నిలిచి, ట్రాక్టరు మీద ఇరవై మంది దాకా మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. గుడ్డ, కర్పూరం వారే తెచ్చారు. స్నానపు నీళ్లలో రేగాకు వేయాలని వారు అంటే, ఎందుకని కూడా అడగకుండా ఎదురింటి రెడ్డిగారి భార్య లాంతరు పట్టుకొని వెళ్లి కొమ్మలు విరుచుకొని వచ్చింది. ముళ్లు గీసి ఆమె ముంజేతి మీద నెత్తురు చారలు తేలి ఉన్నాయి. వచ్చిన వారిలో ఒక ముసలమ్మ మీ జేజి తల దువ్వి మూడు పాయలుగా అల్లిందనీ, అల్లుతున్నంతసేపూ కన్నతల్లితో మాట్లాడినట్లు మెల్లగా ఏదో ఉర్దూలో చెబుతూనే ఉన్నదనీ మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మీరు దూదేకుల వాళ్లా అని ఆ రాత్రి ఎవరూ అడగలేదు. తెల్లవారి ఫజ్ర్ తరువాత జనాజా నమాజుకు నా వెనుక మూడు వరుసలు నిలిచాయి. అందులో నాకు పేరు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. ఆ మూడు రోజులూ మా ఇంట పొయ్యి వెలగనివ్వక వారి ఇళ్ల నుంచే క్యారియరు వచ్చింది.

ఉపన్యాసం చెప్పకూడదనుకొనే మొదలుపెట్టాను, పాతికేళ్లు బడిలో చెప్పిన నోరు ఊరుకోలేదు. జ్వరం తగ్గినా పది రోజులు చల్లనీళ్ల స్నానం వద్దు. రాత్రి పెరుగు మానుకో. రక్తపరీక్ష చేయించి కాగితం ఫొటో పంపు. సెల్లు తలకింద పెట్టుకొని పడుకోవద్దు.

ఈ శుక్రవారం ఖుత్బాకు ముందే వెళ్లు. సలాం చెప్పి నమాజు ముగించగానే చెప్పుల కోసం పరుగెత్తక, నీ పక్కన కూర్చున్నవారి చేయి పట్టుకొని పేరు, ఊరు అడుగు. నీకు తెలుగు తప్ప రాకపోయినా ఫరవాలేదు, నీ గది ఎక్కడో ఆయనకు చెప్పు. ఆయన ఇల్లు ఎక్కడో తెలుసుకొని నాకు రాయి. కరివేపాకు పొడి రెండో పొట్లం ఆయనకు.

నీ నాయన