వేరే గది ఎవరింట్లో ఉంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కరోనాకు ధనిక, పేద తేడా లేదని మొన్న ఒక సభలో ఓ పెద్దాయన చెబుతుంటే విన్నాను. మా వీధిలో నేను చూసింది మాత్రం వేరు.

2021 మేలో మా ఇంట్లో నలుగురిలో ముగ్గురికి పాజిటివ్ వచ్చింది. రెండు బెడ్‌రూములు ఉన్నాయి కాబట్టి మా అమ్మను ఒకదాంట్లో ఉంచి, మేం ముగ్గురం రెండో దాంట్లో సర్దుకున్నాం. నా జీతం ఆగలేదు. అదే వారం వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయనకు జ్వరం వచ్చింది. భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు, అందరికీ కలిపి ఒకటే గది. బాత్‌రూమ్ మరో మూడు వాటాలవాళ్లతో ఉమ్మడి. మాకు చెప్పిందే ఆయనకూ చెప్పారు: వేరే గదిలో ఉండు, వేరే బాత్‌రూమ్ వాడు అని. పాపం, రెండు రాత్రులు బండి పక్కనే పడుకున్నాడు. మూడో రోజుకు అత్తగారికి దగ్గు మొదలైంది.

2020 జులైలో ముంబైలోని మూడు వార్డుల్లో రక్తపరీక్షలు చేస్తే మురికివాడల్లో 57 శాతం మందిలో, మిగతా ఇళ్లవాళ్లలో 16 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే అప్పటికే వైరస్ సోకిందనే గుర్తులు, కనిపించాయి. ఒకే ఊరు, అవే వార్డులు! పదిమంది ఒక మరుగుదొడ్డి వాడుకునే చోట దూరం పాటించమంటే ఎలా? 1918 ఇన్‌ఫ్లుయెంజా అప్పటి బొంబాయి లెక్కలు ఇంకా ఘోరం. యూరోపియన్లలో వెయ్యికి 8 మంది చనిపోతే, ‘తక్కువ కులాల’ కింద రాసుకున్న వాళ్లలో 61 మందికి పైగా పోయారు.

2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల్లో కరోనా వార్డుకు రోజుకు 4,000, వెంటిలేటర్‌తో ఐసీయూకు 9,000 రూపాయలు మించకూడదని చెప్పింది. ఖరీదైన మందులు అందులో రావు. ఆ ధర కచ్చితంగా అమలైందనే అనుకుందాం (మా బంధువుల బిల్లు చూశాక అలా అనుకోవడం కష్టమే). రోజుకు ఐదారు వందలు సంపాదించే మనిషికి వార్డులో ఒక్క రోజంటే వారం రాబడి. అందుకే ఇలాంటివాళ్లు జ్వరాన్ని దాచిపెట్టి పనికి వెళ్తారు. టెస్టు చేయించుకుంటే పద్నాలుగు రోజుల కూలి పోతుందని వాళ్ల టెన్షన్. దాన్ని అజ్ఞానం అని కొట్టిపారేశాం.

మళ్లీ ఏదైనా మహమ్మారి వచ్చాక పరిగెత్తే బదులు ఇప్పుడే రెండు పనులు చేయొచ్చు. ప్రతి బస్తీ దవాఖానా పరిధిలో ఒక ఫంక్షన్ హాలునో, బడినో ఎంపిక చేసి, గదిలేనివాళ్లు ఉండటానికి భోజనంతో సహా ఏర్పాటు రాసిపెట్టాలి. అక్కడ ఉన్నన్ని రోజులకు కనీస వేతనం లెక్కన డబ్బు ఇవ్వాలి, అదీ డిశ్చార్జ్ అయ్యాక కాదు, చేరిన రోజే. ఇంట్లో బియ్యం లేకపోతే ఏ మనిషీ హాల్లో కూర్చోడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వారాసిగూడ, సికింద్రాబాద్