వృద్ధాశ్రమాల తనిఖీ రాత్రి పూట జరగాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబర్ 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు, అధికారులూ దాతలూ వృద్ధాశ్రమాలకు వెళ్లి పండ్లు, దుప్పట్లు పంచుతారు. అది మంచి పనే. కానీ వెళ్లేది పగలు. అప్పటికి నేల తుడిచి ఉంటుంది, పక్కలు మార్చి ఉంటాయి, సిబ్బంది అంతా డ్యూటీలో ఉంటారు. ఆ ఆశ్రమంలో పెద్దవాళ్లను నిజంగా ఎలా చూసుకుంటున్నారో తెలియాలంటే రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లాలి.

ముప్పై మంది ఉన్న ఆశ్రమాన్ని తీసుకోండి. అందులో పదిమంది మంచాన పడ్డవాళ్లు అనుకుందాం. తమంతట తాము ఒత్తిగిల్లలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పాలి, లేకపోతే ఒకేచోట బరువు పడి ఒంటికి పుండ్లు పడతాయి. రాత్రి 10, 12, 2, 4 గంటలకు తిప్పితే నాలుగు విడతలు, మొత్తం 40 సార్లు. డైపర్ చూసి, తడిస్తే తుడిచి మార్చి, దిండ్లు సర్ది తిప్పడానికి ఇద్దరు కలిసి చేసినా ఒక్కో మంచం దగ్గర ఆరు నిమిషాలు పడుతుంది. అంటే ఇద్దరికీ నాలుగు గంటల పని. ఆ నాలుగు గంటల్లో మిగతా ఇరవై మందిలో ఎవరు బాత్రూంకి లేచినా పట్టుకునే చెయ్యి ఉండదు. కాబట్టి ఇంతమందికి రాత్రంతా మెలకువగా ఉండే మనుషులు కనీసం ముగ్గురు కావాలి. చాలా చోట్ల కనిపించేది ఒక్క ఆయా, గేటు దగ్గర ఒక వాచ్‌మన్.

ఒక్క ఆయాతో ఏం జరుగుతుందో చెప్పాలి. మనిషిని ఎత్తి తిప్పడం ఒక్కరి వల్ల కాదు. అందుకని చంకల్లో చేతులు వేసి పైకి లాగుతుంది. చర్మం పరుపుకి అంటుకుని అక్కడే ఉండిపోతుంది, లోపల ఎముక జరుగుతుంది. ఆ రెండింటి మధ్య సన్నటి రక్తనాళాలు సాగి నలిగిపోతాయి. పుండు లోపల మొదలై కొన్ని రోజులకు పైకి తేలుతుంది. తప్పు ఆయాది కాదు, ఆమెను ఒంటరిగా వదిలేసిన యాజమాన్యానిది. భుజాల నుంచి తొడల దాకా ఒక దుప్పటిని మడిచి అడ్డంగా పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరిపితే ఈ రాపిడి ఉండదు. పూర్తిగా పక్కకి తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు పెడితే మడమలు పరుపుకి తగలవు.

పంపుతో గాలి నిండే పరుపు, అదే ఎయిర్ బెడ్, కొన్నాం కదా, తిప్పక్కర్లేదు అనుకునేవాళ్లు ఉన్నారు. తిప్పాల్సిందే. పైగా దాని పంపు మీటను ఆ మనిషి బరువుకు తగ్గట్టు పెట్టాలి. పరుపు కింద, తుంటి ఉన్న చోట అరచెయ్యి దూర్చి చూడండి. చేతికీ శరీరానికీ మధ్య అంగుళం మందం గాలి కూడా లేకపోతే అది ఉన్నా లేనట్టే. కరెంటు పోయి పంపు ఆగినా అంతే.

మడమ మీదా నడుం కింది ఎముక మీదా ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఇంకా సమయం ఉన్నట్టు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు. చుట్టుపక్కల కంటే వెచ్చగా, గట్టిగా తగిలినా, నల్లగా కమిలినట్టున్నా పుండు కిందే లెక్కవెయ్యాలి. అక్కడ నూనె రాసి మర్దన చేయకూడదు, లోపల ఇంకా నలుగుతుంది.

తిప్పిన వేళలు రాసే రిజిస్టరు ఉంటుంది, అడిగితే చూపిస్తారు. 10, 12, 2, 4 గంటల దగ్గర ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టిన టిక్కులుంటే అవి పొద్దున ఆరింటికి కూర్చుని పెట్టినవే అనుకోవచ్చు. ఎడమా, కుడా, వెల్లకిలా అన్నది రాయించాలి. అది రాయాలంటే మంచం దగ్గరికి వెళ్లి చూడాలి.

ఇంకో అలవాటు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది: సాయంత్రం ఆరు దాటాక నీళ్లు ఇవ్వకపోవడం. రాత్రి డైపర్లు తగ్గుతాయని ఇలా చేస్తారు. ముసలితనంలో దాహం తెలియడం అసలే తగ్గుతుంది. నీళ్లు చాలక మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తాయి. ఇన్ఫెక్షన్ వస్తే పెద్దవయసులో జ్వరం కంటే ముందు మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం కనిపించవచ్చు. మతి చలించిందని నిద్రమాత్ర వేస్తారు. ఆ మత్తులో లేచి బాత్రూం దారిలో పడతారు. చేతులు మంచానికి గుడ్డతో కట్టేసే చోట్లూ ఉన్నాయి. గుండె, కిడ్నీ జబ్బుతో డాక్టరు కొలత పెట్టినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు రోజుకి లీటరున్నర ద్రవాలు అందాలి.

రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ వేసి, ఆ మనిషి రెండు ముద్దలు తిని వద్దంటే, ఆ సంగతి రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్లకు తెలియాలి. తెలియకపోతే అర్ధరాత్రి షుగర్ పడిపోయి చెమటలు పట్టినా నిద్రపోతున్నారనే అనుకుంటారు. పడుకునేముందు వేలికి గుచ్చి చూసి, 70 కంటే తక్కువ ఉండి స్పృహలో ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి పట్టి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇది ఆయాలందరికీ నేర్పించగలిగినదే.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలు పెట్టే సంగతి చెబుతుంది. ప్రైవేటు ఆశ్రమాలు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలనీ, కనీస ప్రమాణాలు పాటించాలనీ 2019లో లోక్‌సభకు వచ్చిన సవరణ బిల్లు చెప్పింది కానీ అది చట్టం కాలేదు. కేంద్రం కోసం ఎదురుచూడకుండా రెండు తెలుగు రాష్ట్రాల వయోవృద్ధుల సంక్షేమ శాఖలు ఇప్పుడే చేయగలిగింది ఉంది: మంచాన పడ్డవాళ్ల సంఖ్యను బట్టి రాత్రి సిబ్బంది ఎంతమందో నిర్ణయించి గేటు దగ్గర బోర్డు పెట్టించడం, చెప్పకుండా రాత్రి తనిఖీకి వెళ్లడం. గ్రిల్ తాళంచెవి రాత్రి డ్యూటీలో ఉన్న ప్రతి మనిషి దగ్గరా ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి. నిప్పంటుకుంటే వాచ్‌మన్‌ని వెతికే సమయం ఉండదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకానే పనిచేస్తుంది, దాన్ని 24 గంటలకూ పెంచాలి.

అమ్మనో నాన్ననో ఆశ్రమంలో చేర్చినవాళ్లు, ముఖ్యంగా విదేశాల్లో ఉండి పగటి వీడియో కాల్ చూసి ఊరట పడేవాళ్లు, దగ్గరి బంధువు ఎవరినైనా నెలకోసారి రాత్రి పదింటికి పంపండి. దుప్పటి ఎత్తి మడమలు చూడమనండి. మంచం పక్కన చేతికందేలా నీళ్లున్నాయా, బాత్రూం దారిలో లైటు వెలుగుతోందా చూడమనండి. తర్వాత కాలింగ్ బెల్ నొక్కి, మనిషి వచ్చేదాకా గడియారం చూడమనండి.

— వృద్ధుల సంరక్షణలో పనిచేసే ఒక నర్సు, విజయవాడ