నిద్రగన్నేరు గారికి సంజాయిషీ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరి రెండు నెలలు దాటింది. ఇంత ఆలస్యానికి మన్నించమని అడగడానికే మొహం చెల్లడం లేదు, అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చెప్పుకోవలసి ఉంది. క్షేమసమాచారాలు రెండు ముక్కల్లో ముగిస్తాను. అమ్మ కంటి శస్త్రచికిత్స బాగా జరిగింది, మళ్ళీ తానే పత్రిక చదువుకుంటున్నది. చెల్లి పరీక్షలు అయిపోయాయి. మేము ఇల్లు మారలేదు, దాని సంగతి చివర రాస్తాను.

గత వారం అర్ధరాత్రి వేళ, తాళంచెవి దాచే చోటు వెంటనే మార్చమని నీకు ఒక్క వాక్యం పంపి, కారణం అడిగితే ఉత్తరంలో రాస్తానన్నాను గదా, ఆ కారణమే ఇది.

అద్దె గది గురించి అడుగుదామని నీ రెండో నంబరు నుంచి ఎవరో కొత్త మనిషికి ఫోను చేస్తే, ఆయన ఎత్తగానే "నిద్రగన్నేరు గారేనా?" అన్నాడని నీ ఉత్తరం చివర రాశావు. ఆ నంబరు ఇంట్లోవాళ్ళకూ నాకూ తప్ప ఎవరికీ ఇవ్వలేదనీ, ఆ పేరు మన చివరి బెంచీ దాటి బయటికి పోలేదనీ, ఇదేం మాయో చెప్పమనీ అడిగావు. నేను హాయిగా నవ్వుకుని ఉత్తరం మడిచి పెట్టేశాను.

గత వారం నాకు తెలియని నంబరు నుంచి ఒక కాల్ వచ్చింది. తెర మీద "ప్లంబర్, కొత్త ఇల్లు, సాయంత్రమే వస్తాడు" అని పేరు కనిపించింది. ఎత్తి మాట్లాడితే ఆయన ప్లంబరే, పొరపాటున నాకు చేశాడు. కాని ఏ మనిషీ తన పేరు అలా చెప్పుకోడు. అది ఎవరో తమ ఇంటి అవసరం కొద్దీ తమ ఫోనులో రాసుకున్న గుర్తు. అది నా తెర మీదికి ఎలా వచ్చిందని ఆలోచిస్తూ ఉంటే నీ ఉత్తరం గుర్తుకు వచ్చి ఒళ్ళు చల్లబడింది. నీ నంబరు పక్కన నిద్రగన్నేరు అని రాసి ఉన్న చోటు ఈ లోకంలో ఒక్కటే, అది నా ఫోను.

ఏడాది క్రితం తెలియని కాల్స్ ఎక్కువై విసిగిపోయి, చేసేదెవరో పేరు చూపించే యాప్ ఒకటి వేసుకున్నాను. తెరవగానే కాంటాక్టులు చూడనివ్వమని అడిగింది. పేర్లు చూపించాలంటే పేర్లు కావాలి గదా అనుకుని అనుమతించాను. నాకు పరిచయం లేని వాళ్ళ పేర్లు దానికి ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు. అవి నాలాంటి వాళ్ళ ఫోన్లలో నుంచే వస్తున్నాయి. ఒకరు ఒక్కసారి సరే అంటే, వాళ్ళ కాంటాక్టుల్లో ఉన్న వాళ్ళందరి నంబర్లూ, ముద్దుపేర్లతో సహా, ఆ మనుషులకు తెలియకుండానే సర్వరుకు చేరి, ఎక్కడో ఎవరి తెర మీదో వెలుగుతాయి. మరుసటి రోజు అదే యాప్ ఉన్న సహోద్యోగి ఫోనులో నీ నంబరు వెతికించాను. నీ పేరు అలాగే వచ్చింది. లెక్కల మాస్టారు కిటికీ దగ్గర నిన్ను చూసి ఆ మాట అన్న రోజు, ఆ చెట్టు, ఆ గంట... అదంతా మరోసారి రాస్తాను. మన ఇద్దరిదీ అయిన మాట పరాయి అరచేతిలో కనిపించినప్పుడు నాకు కలిగిన బాధ మాత్రం నీకు తెలియాలి.

అంతటితో పోయిందా అంటే, లేదు. నాది ఆండ్రాయిడ్ ఫోను. అందులో ఒక కాంటాక్టు కింద చిరునామా, పుట్టినరోజు, మనం రాసుకున్న వివరాలు అన్నీ ఉంటాయి, కాంటాక్టుల అనుమతి పొందిన యాప్ వాటన్నింటినీ చదవగలదు. నీ పేరు కింద నీ బ్లడ్ గ్రూపు రాసుకున్నాను, నువ్వు లేనప్పుడు ఇల్లు చూసి రావాలని తాళంచెవి ఎక్కడ ఉంటుందో కూడా రాసుకున్నాను. ఆ సంగతి గుర్తుకు వచ్చిన క్షణంలోనే నీకు ఆ వాక్యం పంపాను.

ఇది కొత్త కథ కాదు. 2012లో పాత్ అనే యాప్, వాడేవాళ్ళను అడగకుండానే వాళ్ళ కాంటాక్టుల జాబితా మొత్తం తన సర్వర్లకు ఎక్కించుకుంటున్నదని బయటపడి గొడవ కావడంతో, ఆ సంస్థ క్షమాపణ చెప్పి ఆ జాబితాలను చెరిపేసింది. ఆ ఏడాదే ఐఫోన్లలో కాంటాక్టులు ముట్టుకోబోయే ముందు అడగాలన్న నియమం వచ్చింది. ఆండ్రాయిడ్‌లోనైతే 2015 దాకా యాప్ వేసుకునేటప్పుడే అన్నింటికీ కలిపి ఒప్పుకోవడం, లేదా మానుకోవడం, అంతే. ఇప్పుడు విడివిడిగా అడుగుతున్నారు. అడిగినప్పుడు చదవకుండా నొక్కింది నేను.

నీకు ఒక పని చెప్పాలి. నా వైపు నుంచి చేయగలిగింది చేశాను. ముందు యాప్‌లోనే ఖాతా తొలగించమని కోరాను, ఆ తరువాతే యాప్‌ను తీసేశాను. ఈ వరుస ముఖ్యం, ఎందుకంటే యాప్‌ను తీసేసినా, అనుమతి వెనక్కి తీసుకున్నా ఇకముందు చదవడం ఆగుతుందే గాని, ఇప్పటికే వెళ్ళిపోయింది వెనక్కి రాదు. నీ నంబరును వాళ్ళ జాబితా నుంచి తీయించే హక్కు మాత్రం నీ చేతిలో ఉంది. వాళ్ళ సైటులో అందుకోసం ఒక పేజీ ఉంది, దాని లంకె విడిగా పంపుతాను, ఈ రోజే చేయించు.

తరువాత ఆ రాత్రంతా సెట్టింగుల్లో అనుమతుల జాబితా తెరిచి కూర్చున్నాను. యాప్ పేరును బట్టి గాక, ఏ అనుమతి ఎవరి దగ్గర ఉందో చూస్తే అసలు బొమ్మ తెలుస్తుంది. టార్చిలైటు యాప్‌కు నేను ఉన్న చోటుతో ఏం పని? తీసేశాను. వాతావరణం చెప్పే యాప్‌కు ఖచ్చితమైన చోటు మాన్పించి సుమారు చోటు మాత్రమే ఉంచాను. ఇది చాదస్తం అనకు. పదిహేను లక్షల మంది ఫోన్ల కదలికలతో 2013లో అచ్చయిన పరిశోధనలో, ఏ వేళకు ఎక్కడ ఉన్నారో తెలిపే నాలుగు బిందువులు ఉంటే చాలు, నూటికి 95 మందిని మిగతా గుంపు నుంచి వేరు చేయవచ్చని తేలింది. పేరు అక్కరలేదు, రాత్రి ఎక్కడ పడుకుంటామో పగలు ఎక్కడ కూర్చుంటామో చాలు.

అమ్మ ఫోను చూసినప్పుడు మాత్రం నిజంగా భయం వేసింది. ఫోనును వేగవంతం చేస్తానంటూ వచ్చిన ఒక యాప్ యాక్సెసిబిలిటీ అనుమతి పుచ్చుకుని కూర్చుంది. చూపు లేనివాళ్ళకు తెర చదివి వినిపించే యాప్‌ల కోసం ఏర్పరచిన ఆ అనుమతి ఒక్కటి దొరికితే చాలు, తెర మీద ఉన్నదంతా చదవవచ్చు, మన బదులు బటన్లు నొక్కవచ్చు. దానికి సందేశాలు చదివే అనుమతి తోడైతే ఓటీపీ కూడా దాని చేతిలో పడుతుంది. కంటికి కట్టుతో ఉన్న అమ్మ దేనికి సరే అన్నదో ఆమెకు ఎలా తెలుస్తుంది? పక్కన కూర్చుని చూడవలసినవాణ్ణి నేను.

అన్నింటిలోకీ నన్ను తొలుస్తున్నది మాత్రం మొదటిదే. నేను ఉన్న చోటు నాది, నా గొంతు నాది, వాటిని ఎవరికైనా ఇచ్చుకుంటే నష్టపోయేది నేను. కాంటాక్టులు అలా కావు. అందులో ఉన్నది నువ్వూ, మీ ఇంట్లోవాళ్ళూ, ఒకప్పుడు నన్ను నమ్మి నంబరు ఇచ్చిన మూడు వందల మందీ. వాళ్ళ తరఫున సరే అనే అధికారం నాకు ఎవరిచ్చారు? వాళ్ళలో నలభై మందికి ఇప్పటికే స్వయంగా చెప్పాను. కొందరు నవ్వారు, ఒకామె మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఆమె ఎందుకు నంబరు మార్చుకున్నదో నీకు తెలుసు. ఆ మౌనం ఇంకా నా చెవిలోనే...

చెల్లి రైలుకు వేళైంది, కింద నుంచి పిలుస్తున్నారు. ఇంటి సంగతి రాయనేలేదు. నీ ఫోనులో నా నంబరు కింద ఏమేం రాసి పెట్టావో ఒకసారి చూసి, చిరునామా ఉంటే చెరిపెయ్యి. పేరు మాత్రం అలాగే ఉంచు.

నీ
మూడో గంట